దూరాన ఫైలు, చేతికాడ ప్రింటరు

నేను నాచారంలో జిరాక్స్ షాపు నడుపుతాను. ఈఎస్ఐ ఆసుపత్రికి నడిచి వెళ్లేంత దూరంలో, ఒక మందుల షాపుకూ ఒక టిఫిన్ సెంటరుకూ మధ్య ఒక్క షట్టరు. 2006లో పెట్టాను. పొద్దున పారిశ్రామికవాడలో డ్యూటీకి పోయేవాళ్లు వస్తారు. కొత్తగా పనిలో చేరాలంటే ఆధార్, బ్యాంకు పాసుబుక్కు, రెండు ఫోటోలు కావాలి కదా. మధ్యాహ్నం ఆసుపత్రిలో ఉన్న రోగుల తాలూకు మనుషులు వస్తారు. చేతిలో చీటీ ఉంటుంది, కళ్లు నిద్రలేక ఎర్రబడి ఉంటాయి. సాయంత్రం చదువుకునే పిల్లలు వస్తారు. వాళ్లకు ప్రాజెక్టు రిపోర్టులు, హాల్‌టికెట్లు కావాలి. హబ్సిగూడ, తార్నాక వైపు నుంచి థీసిస్ ప్రింట్లకు వచ్చేవాళ్లూ ఉన్నారు.

షాపు పెట్టిన కొత్తలో మనుషులు కాగితం పట్టుకుని వచ్చేవాళ్లు. గాజు మీద కాగితం బోర్లించి, మూత వేసి, మీట నొక్కితే నకలు వచ్చేది. అసలు కాగితం వాళ్ల చేతికి ఇచ్చేసేవాణ్ణి. ఎవరైనా మరిచిపోయి గాజు మీదే వదిలేస్తే, రోడ్డు మీదికి పరుగెత్తి పిలిచి మరీ ఇచ్చేవాణ్ణి. అసలు కాగితం నా దగ్గర ఒక్క పూట ఉన్నా నాకు నిద్ర పట్టేది కాదు.

ఇప్పుడు ఎవరూ కాగితం తీసుకురారు, ఫోన్ తీసుకొస్తారు. కాగితం ఇంకెక్కడో ఉంటుంది. జనగామలో తమ్ముడి ఫోన్లో ఉంటుంది, ఆఫీసు కంప్యూటర్లో ఉంటుంది, ప్రభుత్వ వెబ్‌సైట్లో ఉంటుంది. "అన్నా, నీ నంబరు చెప్పు, వాట్సాప్ చేస్త, రెండు కాపీలు తియ్యి" అంటారు. నా నంబరు గోడకే రాసి పెట్టాను. వాళ్లు పంపుతారు, నేను కంప్యూటర్లో తెరుస్తాను, ప్రింటు ఇస్తాను, డబ్బులు తీసుకుంటాను. వాళ్లు వెళ్లిపోతారు. గాజు మీది కాగితం అయితే వాళ్లతోనే వెళ్లిపోయేది. ఫైలు మాత్రం వెళ్లదు, నా దగ్గరే ఉండిపోతుంది.

ఈ సంగతి నాకు చాలా ఏళ్లు తట్టలేదు. తట్టేలా చేసింది ఒక అమ్మాయి. డిగ్రీ చివరి ఏడాది చదువుతున్నట్టుంది. మార్కుల మెమో ప్రింటు తీసుకుని, డబ్బులిచ్చి, మెట్టు దిగి మళ్లీ వెనక్కి వచ్చింది. "అన్నా, నాది మీ కంప్యూటర్ల ఉంటదా, తీసేస్తరా?" అని అడిగింది. "తీసేస్తనమ్మా" అన్నాను. నోటికి వచ్చిన మాట అది. నిజానికి ఎప్పుడూ ఏదీ తీసేయలేదు.

ఆ ఆదివారం షట్టరు సగం దించి, డౌన్‌లోడ్స్ ఫోల్డరు తెరిచి కూర్చున్నాను. కిందికి జరుపుతున్నకొద్దీ వస్తూనే ఉన్నాయి. ఆధార్ కార్డులు, పాన్ కార్డులు, జీతం చీటీలు, కిరాయి ఒప్పందాలు, రక్తపరీక్షల రిపోర్టులు. ఒక పెద్దాయన పింఛను కాగితాలున్నాయి. ఎవరిదో స్కానింగ్ రిపోర్టు ఉంది, అందులో ఆమె పేరు, వయసు, ఆమెకున్న జబ్బు అన్నీ ఉన్నాయి. ఆమె భర్త ఆ రోజు నా కౌంటరు ముందు నిలబడిన తీరు నాకు గుర్తొచ్చింది. ఆ కాగితం నా దగ్గర ఉండాల్సింది కాదు. ఆ కంప్యూటరు రిపేరుకని రెండుసార్లు బయటికి ఇచ్చాను. ఇంకో కుర్రాడు పనిచేసేటప్పుడు అతని చేతిలోనూ ఉంది. ఎవరైనా ఒక పెన్‌డ్రైవ్ పెట్టి మొత్తం లాక్కుపోతే నాకు తెలిసే దారి కూడా లేదు.

ఆధార్ సంగతి మీకు తెలిసే ఉంటుంది. వెబ్‌సైట్ నుంచి దించుకున్న ఇ-ఆధార్ ఫైలుకు తాళం ఉంటుంది. పేరులోని మొదటి నాలుగు అక్షరాలు ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో, తర్వాత పుట్టిన సంవత్సరం. అదే తాళంచెవి. నా షాపులో జనం ఆ తాళంచెవిని పదిమంది ముందు పైకి చదివి చెబుతారు, నేను కొడతాను. బయటి కంప్యూటర్లలో ఇ-ఆధార్ దించుకుంటే ఆ నకళ్లను పూర్తిగా చెరిపేయమని ఆధార్ సంస్థే ప్రజలకు చెబుతోంది. కానీ చెరిపేయాల్సిన కంప్యూటరు నాది. కౌంటరుకు అవతల నిలబడినవాళ్లు ఎలా చెరుపుతారు?

ఒక్క పేజీ ప్రింటు కోసం ఎన్ని నకళ్లు పుడుతున్నాయో ఆ రోజు లెక్క వేశాను. పంపినవాళ్ల ఫోన్లో ఒకటి. నా ఫోన్లో ఒకటి. కంప్యూటరు డౌన్‌లోడ్స్‌లో ఒకటి. తెరవడానికి రెండుసార్లు నొక్కితే ఇంకోటి. ఇంతా చేస్తే వాళ్లకు కావాల్సింది కాగితం మీద అచ్చయిన ఒక్క నకలు. దూరాన ఉన్న ఫైలు దగ్గరున్న ప్రింటరులోకి నేరుగా వచ్చి, కాగితమై, మధ్యలో ఎక్కడా మిగలకుండా పోవాలి. నాకు కావాల్సింది అంతే. వెతకడం మొదలుపెడితే, ఈ పని చేసే సాఫ్ట్‌వేర్ ఎప్పటినుంచో ఉంది, దానికి పైసా కట్టనవసరం లేదు అని తెలిసింది. పైగా ఆ సాఫ్ట్‌వేర్ ఉద్యమం పుట్టిందే ఒక ప్రింటరు దగ్గర. ఆ కథ ముందు చెప్పాలి.

1980 ప్రాంతం. అమెరికాలో ఎంఐటీ అనే పేరున్న విద్యాసంస్థ. అక్కడి కృత్రిమ మేధ ప్రయోగశాలలో రిచర్డ్ స్టాల్‌మన్ అనే యువకుడు ప్రోగ్రాములు రాసేవాడు. వాళ్ల ప్రింటరు ఒక అంతస్తులో ఉంటే, పనిచేసేవాళ్లలో చాలామంది ఇంకో అంతస్తులో ఉండేవాళ్లు. ఇక్కడ ఆజ్ఞ ఇచ్చి, అక్కడికి నడిచి వెళ్తే, కాగితం మధ్యలో ఇరుక్కుని మిషన్ ఆగిపోయి ఉండేది. ప్రింటరు దూరంగా ఉంటే పడే తిప్పలు అప్పుడూ ఇవే. పాత ప్రింటరు ఉన్న రోజుల్లో స్టాల్‌మన్ దాని ప్రోగ్రామును తనే మార్చాడు. ప్రింటు పూర్తయితే ఆ మనిషికి కబురు వెళ్తుంది. కాగితం ఇరుక్కుంటే, వరుసలో ఎదురు చూస్తున్న అందరికీ కబురు వెళ్తుంది, ఎవరో ఒకరు లేచి వెళ్లి సరిచేస్తారు. తర్వాత కొత్త లేజర్ ప్రింటరు వచ్చింది. దానికీ ఇదే సౌకర్యం చేద్దామంటే దాని ప్రోగ్రాము మూలరూపం ఇవ్వలేదు. ఇంకో విశ్వవిద్యాలయంలో ఒకరి దగ్గర అది ఉందని తెలిసి వెళ్లి అడిగితే, ఎవరికీ ఇవ్వనని మాట ఇచ్చానని ఆయన కాదన్నాడు.

ఆ ప్రింటరు ఏ కంపెనీదనుకున్నారు? జిరాక్స్. మనం నకలు తీయడానికే పేరు పెట్టుకున్నామే, ఆ జిరాక్స్.

1983 సెప్టెంబరులో స్టాల్‌మన్ గ్నూ అనే పని మొదలుపెడుతున్నట్టు ప్రకటించాడు. ఎవరైనా వాడుకోవచ్చు, లోపల ఏముందో చూడొచ్చు, మార్చుకోవచ్చు, పక్కవాడికి ఇవ్వొచ్చు. ఈ హక్కులున్న సాఫ్ట్‌వేర్ తయారు చేయడమే ఆ పని. ఇంగ్లీషులో దాన్ని ఫ్రీ సాఫ్ట్‌వేర్ అన్నారు. ఆ మాటకు ఊరికే వచ్చేది అనే అర్థం కూడా ఉండటంతో ఆయన జీవితమంతా దాన్ని విడమర్చి చెప్పుకోవాల్సి వచ్చింది. మనకు ఆ ఇబ్బంది లేదు. ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. గచ్చిబౌలిలో ఈ ఉద్యమం కోసం పనిచేసే సంస్థ పేరే స్వేచ్ఛ. కంప్యూటరు మొత్తం తెలుగులో కనిపించేలా వాళ్లు ఒక ఆపరేటింగ్ సిస్టమ్‌నే తయారు చేశారు.

ఇక మా షాపు సంగతికి వస్తాను. మా అక్క కొడుకు ఇంజినీరింగ్ చదువుతున్నాడు. ఉప్పల్ రింగ్‌రోడ్డు దగ్గర మెట్రో దిగి, ఆకాశ వంతెన దాటి, ఆటో ఎక్కి సెలవు రోజుల్లో షాపుకు వస్తుంటాడు. నా బాధ చెప్పాను. "మామా, పాత కంప్యూటర్ ఒకటి పడేసినవ్ గద, అది ఉందా?" అన్నాడు. అటక మీద ఉంది. దుమ్ము దులిపి కిందికి దించాం. వాడు దాంట్లో లినక్స్ అనే స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించాడు. నేను భయపడ్డంత ఏమీ కాలేదు, అరగంటలో లేచి కూర్చుంది.

అందులో ప్రింటింగ్ చూసుకునే సాఫ్ట్‌వేర్ పేరు కప్స్. మైఖేల్ స్వీట్ అనే ఆయన 1997లో రాయడం మొదలుపెట్టి 1999లో బయటపెట్టాడు. ఆపిల్ కంపెనీ 2002లో తన కంప్యూటర్లలో దాన్నే పెట్టుకుంది, 2007లో కొనేసింది కూడా. కొన్నా స్వేచ్ఛ మాత్రం పోలేదు, ఎందుకంటే ఒకసారి ఇచ్చిన హక్కులు వెనక్కి తీసుకోలేరు. 2019 చివర స్వీట్ ఆపిల్ వదిలి బయటికి వచ్చాడు. ఇప్పుడు ఓపెన్‌ప్రింటింగ్ అనే బృందంతో కలిసి దాన్ని సాకుతున్నాడు. నా అటక మీది కంప్యూటర్లో ఉన్నదీ, లక్షల రూపాయల ఆపిల్ మిషన్లో ఉన్నదీ ఒకే వేరు నుంచి వచ్చిన చెట్లు.

కప్స్ చేసే పని ఆసుపత్రిలో ఓపీ చీటీ రాసే కిటికీ లాంటిది. నాలుగు వైపుల నుంచి వచ్చిన పనులను తీసుకుని, నంబరు వేసి, వరుసలో కూర్చోబెట్టి, ప్రింటరు ఖాళీ అవుతున్నకొద్దీ ఒక్కొక్కటే లోపలికి పంపుతుంది. పంపేవాడు పక్క కుర్చీలో ఉన్నా పక్క ఊళ్లో ఉన్నా దానికి ఒకటే. ఆ కిటికీ దగ్గర మాట్లాడే భాష ఒకటుంది, దాన్ని ఐపీపీ అంటారు, ఇంటర్నెట్ ప్రింటింగ్ ప్రోటోకాల్. ఫోన్ అడుగుతుంది: నీకు రంగులు వచ్చా, ఏ4 కాగితం ఉందా, రెండు వైపులా వేయగలవా? ప్రింటరు జవాబు చెబుతుంది. ఇద్దరికీ భాష కలిస్తే చాలు, డ్రైవర్ల సీడీ కోసం వెతకనక్కర్లేదు.

కానీ మా ప్రింటర్లు ఆ భాష రాని కాలం నాటివి. ఒకటి కానన్ ఎల్‌బీపీ 2900. రెండోది హెచ్‌పీ లేజర్‌జెట్ 1020. ఈ రెండూ తెలియని జిరాక్స్ షాపు హైదరాబాదులో ఉండదు. నిమిషానికి పన్నెండు పద్నాలుగు పేజీలు, 12ఏ టోనరు రీఫిల్ చేయించుకుంటూ ఏళ్ల తరబడి లాగించొచ్చు. వాటిని పడేయమంటే నా ప్రాణం ఒప్పదు.

ముందు 1020 పట్టుకున్నాం. అది విచిత్రమైన మిషన్. స్విచ్ ఆపితే తనకు తెలిసిందంతా మరిచిపోతుంది. మళ్లీ వేసిన ప్రతిసారీ కంప్యూటరు దానికి ఒక చిన్న ప్రోగ్రామును పంపి పాఠం చెప్పాలి, అప్పుడే అది పనికి దిగుతుంది. రిక్ రిచర్డ్‌సన్ అనే ఆయన ఆ ప్రింటరు మాట్లాడే గుప్తభాషను ఆరా తీసి, దానికోసం స్వేచ్ఛా డ్రైవరు రాసిపెట్టాడు. మా వాడు దాన్ని ఎక్కించి స్విచ్ వేశాడు. పచ్చ దీపం మిణుకుమిణుకుమంది. లోపల రోలర్లు ఒక్కసారి గిర్రున తిరిగి ఆగాయి. ఆ చప్పుడు నాకు ఇరవై ఏళ్లుగా తెలుసు, అది సిద్ధంగా ఉన్నానని చెప్పడం. కానీ మా అటక మీది కంప్యూటరు మాట విని అది లేవడం అదే మొదటిసారి.

కానన్‌తో మాత్రం రెండు ఆదివారాలు పోయాయి. దాని భాష పేరు క్యాప్ట్, అది కంపెనీ సొంతం. దానికీ బయటివాళ్లు రాసిన స్వేచ్ఛా డ్రైవరు ఒకటుంది, కానీ అది ఇంకా ప్రయోగదశ దాటలేదు. ఒక పేజీ వచ్చేది, రెండో పేజీ దగ్గర మొండికేసేది. చివరికి కానన్‌ను పాత పద్ధతిలోనే ఒక పక్కన ఉంచి, జనం ఫైళ్లకు 1020నే నియమించాం. అన్నీ ఒకేసారి సర్దుకోవాలని మేమూ పట్టు పట్టలేదు.

తర్వాత జరిగింది మీకు కళ్లకు కట్టినట్టు చెప్పాలని ఉంది. మా వాడు కప్స్‌లో ఆ ప్రింటరును పదిమందితో పంచుకో అని ఒక టిక్కు పెట్టాడు. "మామా, ఇప్పుడు నీ ఫోన్ షాపు వైఫైకి కలుపు" అన్నాడు. కలిపాను. ఒక ఫోటో తెరిచి, మూడు చుక్కలు నొక్కి, ప్రింట్ అన్న మాట మీద వేలు పెట్టాను. నా ఆండ్రాయిడ్ ఫోన్లో ఏమీ కొత్తగా ఎక్కించలేదు. అయినా తెర మీద మా షాపు పేరుతో ప్రింటరు కనిపించింది. నొక్కాను. అవతల రోలర్లు తిరిగాయి. వైఫై అంటే ఏమిటో తెలియని ఆ పాత 1020 నా ఫోన్ మాట విని కాగితం కక్కింది. అటక మీది కంప్యూటరు వాటి మధ్య దుబాసీగా నిలబడింది.

డౌన్‌లోడ్స్ ఫోల్డరు తెరిచి చూశాను. ఏమీ లేదు.

"ఆగు మామా" అన్నాడు వాడు. "ఇంకో చోట చూడాలె." కప్స్ తన సొంత గదిలో, స్పూల్ అనే చోట, అచ్చయిపోయిన ఫైలును కూడా ఒక రోజు దాచి పెడుతుందట. మళ్లీ ప్రింటు కావాలంటే పనికొస్తుందని. మామూలు ఆఫీసులకు అది మంచిదే, నా షాపుకు కాదు. అమరికల ఫైలు తెరిచాడు. ప్రిజర్వ్ జాబ్ ఫైల్స్ అనే వరుస రాసి, దాని పక్కన నో అని పెట్టాడు. ఒక్క మాట. సేవ్ చేసి, కప్స్‌ను ఆపి మళ్లీ లేపాడు. ఆ తర్వాత ఏ ఫైలు వచ్చినా కాగితమయ్యాక అక్కడి నుంచి తీసేస్తుంది.

నేను ఆ వరుసను చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. ఇన్నేళ్లుగా నేను వాడిన ఏ సాఫ్ట్‌వేర్ కూడా లోపల ఏం దాచుతోందో నాకు చెప్పలేదు, మార్చుకునే చోటూ చూపించలేదు. ఇది చూపించింది. ఎంఐటీలో ఆ యువకుడు అడిగింది కూడా ఇదే కదా, తన ముందున్న ప్రింటరు ఏం చేయాలో తను చెప్పుకోగలగడం.

ఇప్పుడు దూరం సంగతి. పై పద్ధతిలో మనిషి నా షాపులో ఉండాలి, ఫైలు ఆ మనిషి ఫోన్లో ఉండాలి. ఫైలు నిజంగానే ఊరవతల ఉంటే?

2020లో కరోనా వల్ల ఉప్పల్ చుట్టుపక్కల ఐటీ ఆఫీసుల్లో పనిచేసేవాళ్లంతా ఇళ్లకు చేరారు. ఫైళ్లు ఆఫీసు సర్వర్లలో, ప్రింటర్లు ఇళ్లలో. బోడుప్పల్, పీర్జాదిగూడ నుంచి కూడా అప్పట్లో నాకు ఫోన్లు వచ్చేవి, ఆఫీసు ఫైలును ఇంట్లో ఎలా ప్రింటు తీయాలని. అప్పటిదాకా చాలామంది గూగుల్ క్లౌడ్ ప్రింట్ అనే సేవను నమ్ముకున్నారు. 2010లో వచ్చిన ఆ సేవ పదేళ్లూ బీటా అనే ముద్రతోనే నడిచి, సరిగ్గా ఆ 2020 డిసెంబరు 31న మూతపడింది. జనం ఇళ్లలో కూర్చుని ప్రింటు కోసం తంటాలు పడుతున్న ఏడాది. ఒకరి చేతిలో ఉన్న సేవ వాళ్లు ఆపాలనుకున్న రోజు ఆగిపోతుంది. కప్స్ అలా ఆగదు, అది నా షాపులోనే ఉంది.

దూరపు కంప్యూటరు తెరను ఇంటి కంప్యూటర్లో తెరుచుకుని పనిచేసేవాళ్లకు రెమ్మినా అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉంది. కనెక్షన్ అమరికల్లో మన ప్రింటరును అవతలికి చూపించు అన్న మీట ఉంటుంది. అది పెడితే, ఆఫీసు కంప్యూటర్లో ప్రింట్ నొక్కినప్పుడు జాబితాలో మీ ఇంటి ప్రింటరు కూడా కనిపిస్తుంది. ఆఫీసువాళ్లు ఒప్పుకుంటేనే సుమా. కొన్నిచోట్ల ఆ దారి మూసి ఉంచుతారు, వాళ్ల కారణాలు వాళ్లకుంటాయి.

నాకు నచ్చిన పద్ధతి ఇంకోటి. మా బావకు జనగామలో ఎరువుల దుకాణం ఉంది. లెక్కలన్నీ అక్కడి కంప్యూటర్లో ఉంటాయి. ఏటా వాటిని హబ్సిగూడలో ఆడిటరుకు కాగితాల మీద ఇవ్వాలి. ఇదివరకు పెన్‌డ్రైవ్‌లో వేసుకుని వరంగల్ నుంచి వచ్చే బస్సెక్కి ఉప్పల్‌లో దిగి నా దగ్గరికి వచ్చేవాడు. పోయిన ఏడాది రాలేదు. అక్కడి కంప్యూటరుకూ ఇక్కడి కంప్యూటరుకూ మధ్య మా వాడు వైర్‌గార్డ్ అనే సొరంగం వేశాడు. అదీ స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే, 2020 నుంచి లినక్స్ గుండెలోనే భాగమైంది. ఆ సొరంగంలో వెళ్లేదేదీ మధ్యలోవాళ్లు చదవలేరు.

తర్వాత నా ముందు ఒక్క వరుస కొట్టాడు. మొదట ఎస్ఎస్‌హెచ్ అని, జనగామ కంప్యూటరు పేరు. అంటే అక్కడికి తాళం తీసుకుని లోపలికి వెళ్లు అని. తర్వాత క్యాట్ అని, ఫైలు పేరు. అంటే ఆ ఫైలును ఒలకబొయ్యి అని. తర్వాత ఒక నిలువు గీత. దాన్ని పైపు అంటారు, అటు ఒలికింది ఇటు పట్టే గొట్టం. చివర ఎల్‌పీ అన్న రెండు అక్షరాలు. అంటే వచ్చింది వచ్చినట్టు ఇక్కడి ప్రింటరుకు ఇవ్వు అని. ఎంటర్ నొక్కాడు. జనగామలో ఉన్న లెక్కలు నాచారంలో కాగితాలై ట్రేలో పడటం మొదలుపెట్టాయి. నేను ఫోన్ చేసి, "బావా, నీ లెక్కలు వస్తున్నయి" అంటే, "నేను ఇక్కడ గోదాముల ఉన్న, ఎవరు పంపిండ్రు?" అన్నాడాయన. ఎవరూ పంపలేదు, మేమే వెళ్లి తెచ్చుకున్నాం. పెన్‌డ్రైవ్ లేదు, నా డిస్కులో మిగిలిన నకలు లేదు, బస్సు చార్జీ లేదు.

ఇక్కడ మన తెలుగు ఒక చిక్కు పెడుతుంది, అది చెప్పకపోతే ఎవరైనా చేసి చూసి నన్ను తిట్టుకుంటారు. నేను డీటీపీ నేర్చుకున్నది పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో. పెళ్లి శుభలేఖలు, కరపత్రాలు, సంస్మరణ కార్డులు అన్నీ వాటితోనే. ఆ రోజుల్లో ఊరి నుంచి ఎవరైనా ఫైలు పంపిస్తే, అవే ఫాంట్లు నా దగ్గర లేకపోతే తెలుగు బదులు పిచ్చి ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కనిపించేవి. ఎందుకంటే ఆ ఫైలులో నిజానికి ఉన్నది తెలుగు కాదు, ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో గీసిన తెలుగు బొమ్మలు. యూనికోడ్ వచ్చాక తెలుగు అక్షరానికి తన సొంత స్థానం దొరికింది. దేశికాచార్యులు గారి పోతన, వేమన ఫాంట్లు, సిలికానాంధ్ర వాళ్లు విడుదల చేసిన మండలి, రామభద్ర, గిడుగు, సూరన్న లాంటి ఫాంట్లు ఎవరైనా ఉచితంగా దించుకుని, స్వేచ్ఛగా వాడుకోవచ్చు. అయినా వర్డ్ ఫైలును అలాగే పంపితే, అవతల ఆ ఫాంటు లేనప్పుడు అక్షరాల కొలతలు మారి వరుసలు చెదురుతాయి, ఒక్కోసారి ఒత్తులు విడిపోయి పక్కన నిలబడతాయి. అందుకే దూరం పంపే ఫైలును పీడీఎఫ్ చేసి పంపండి. అందులో అక్షరాల ఆకారాలు ఫైలుతోపాటే ప్రయాణం చేస్తాయి. జనగామలో "శ్రీ" ఎలా ఉందో నాచారంలోనూ అలాగే దిగుతుంది.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. కప్స్ 631 అనే నంబరున్న తలుపు దగ్గర కూర్చుని పనులు తీసుకుంటుంది. ఆ తలుపును మీ ఇంటి వైఫై లోపలికి మాత్రమే తెరవండి, ఇంటర్నెట్ వైపు ఎప్పుడూ తెరవకండి. 2024 సెప్టెంబరులో సిమోనే మార్గరితెల్లి అనే పరిశోధకుడు, కప్స్‌తో పాటు వచ్చే కొన్ని భాగాల్లో లోపాలున్నాయని బయటపెట్టాడు. తలుపు బయటికి తెరిచి పెట్టుకున్నవాళ్ల కంప్యూటర్లోకి పరాయివాళ్లు చొరబడే అవకాశం ఉండింది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లో లోపాలుండవని నేను చెప్పను. లోపం ఎక్కడుందో, ఎలా సరిచేశారో అందరి ముందూ జరిగింది, కొద్ది రోజుల్లోనే సవరణలు వచ్చాయి, మా వాడు ఆ వారంలోనే వచ్చి మా కంప్యూటర్లో ఎక్కించి వెళ్లాడు. దూరం నుంచి ప్రింటు కావాలంటే ఇందాక చెప్పిన సొరంగం దారి ఒక్కటే నేను నమ్ముతాను.

ఇప్పుడు మా గోడ మీద నా వాట్సాప్ నంబరు కింద ఇంకో అట్ట అతికించాను. వైఫై పేరు, దాని కింద మూడు వరుసలు: ఫైలు తెరవండి, ప్రింట్ నొక్కండి, మా షాపు పేరు ఎంచుకోండి. అందరూ చేయరు. పెద్దవాళ్లు ఫోన్ నా చేతికే ఇస్తారు. అప్పుడు వాళ్ల ఫోన్లోనే, వాళ్ల కళ్లముందే, నేను ప్రింట్ నొక్కి ఫోన్ తిరిగి ఇచ్చేస్తాను. ఆధార్ తాళం కూడా వాళ్ల ఫోన్లోనే వాళ్లే కొడతారు, పైకి చెప్పే పని లేదు. పాత డౌన్‌లోడ్స్ ఫోల్డరులో ఉన్నవన్నీ ఆ ఆదివారమే చెరిపేశాను. చెరిపేటప్పుడు ఇక ఒక్కదాన్నీ తెరిచి చూడలేదు.

మొన్న ఆ డిగ్రీ అమ్మాయి మళ్లీ వచ్చింది. ఉద్యోగంలో చేరుతోందట, సర్టిఫికెట్లు కావాలి. అట్ట చదివి, తనే తన ఫోన్లోంచి ప్రింటు ఇచ్చుకుంది. కాగితాలు తీసి ఇస్తూ, "ఇప్పుడు నీది నా దగ్గర ఏమీ ఉండదమ్మా, కావాలంటే చూడు" అని తెర ఆమె వైపు తిప్పాను. అది నేను లాగిన్ అయి ఉన్న కప్స్ పేజీ, అయిపోయిన పనుల జాబితా. ఆమె ముందుకు వంగి చూసి, వేలు పెట్టి చూపించింది. "ఫైలు పోయింది గని అన్నా, పేరు ఉంది."

నిజమే. ఫైలుకు ఆమె తన పూర్తి పేరూ హాల్‌టికెట్ నంబరూ పెట్టుకుంది. ఆ పేరు జాబితాలో అలాగే ఉంది. దాని కింద ఆ రోజు వచ్చిన ముప్పై నలభై మంది పేర్లు కూడా ఉన్నాయి.

ఆమెను కూర్చోమని చెప్పి మా వాడికి ఫోన్ చేశాను. వాడు క్లాసులో ఉన్నాడు, బయటికి వచ్చి మాట్లాడాడు. మొదటి వరుస కిందనే ఇంకో వరుస రాయాలి, ప్రిజర్వ్ జాబ్ హిస్టరీ, దాని పక్కన కూడా నో. అక్షరం అక్షరం చెప్పించుకుని ఈసారి నేనే కొట్టాను. కప్స్‌ను ఆపి లేపాను. పేజీ మళ్లీ తెరిచి తెర ఆమె వైపు తిప్పాను. జాబితా ఖాళీగా ఉంది. ఆమె ఇంకో కాగితం ప్రింటు ఇచ్చి, అది ట్రేలో పడేదాకా ఆగి, మళ్లీ తెర వైపు చూసింది. అప్పుడు పర్సు తీసి డబ్బులిచ్చింది.